కృతజ్ఞత లేని పాలసీదారులు

దేశంలో ఆరోగ్య బీమా ఇంత బాగుపడ్డాక కూడా పాలసీదారుల మొహాల్లో కళ లేకపోవడం చాలా విచారకరం. 2025 డిసెంబరులో పార్లమెంటు ‘సబ్‌కా బీమా సబ్‌కీ రక్షా’ బిల్లును ఆమోదించింది. బీమా కంపెనీల్లో విదేశీ పెట్టుబడి పరిమితి 74 శాతం నుంచి 100 శాతానికి పెరిగింది. అంటే రేపు మీ మోకాలి ఆపరేషన్‌కు పైసా ఇవ్వనని చెప్పే కంపెనీ పూర్తిగా అంతర్జాతీయ స్థాయిది కావచ్చు. సామాన్యుడికి ఇంతకన్నా ఏం కావాలి?

అంతకుముందే, 2024లో, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ చేయాల్సింది చేసింది. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి మనం కాస్త ఎక్కువ గర్వపడొచ్చు. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిం ఇవ్వకుండా ఆగమనే కాలం, నాలుగేళ్ల దాకా ఉండేది, దాన్ని మూడేళ్లకు దించారు. షుగరు పేషెంట్లు ఇక తమ షుగరును మూడేళ్లు బతిమాలుకుంటే చాలు. 65 ఏళ్ల వయోపరిమితీ ఎత్తేశారు. ఎనభై ఏళ్ల తాతగారు కూడా దర్జాగా వెళ్లి పాలసీ అడగొచ్చు. ప్రీమియం ఎంతో విని కళ్లు తిరిగి పడిపోతే మాత్రం, అది పాలసీకి ముందే ఉన్న జబ్బు కిందికి వస్తుంది.

అన్నిటికన్నా గొప్పది డిశ్చార్జి రూలు. ఆస్పత్రి రిక్వెస్టు అందిన మూడు గంటల్లో కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. ఆలస్యమైతే ఆస్పత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే, అదీ వాటాదారుల నిధి నుంచి, కట్టాలి. చదువుతుంటేనే ఒళ్లు పులకరిస్తుంది. పొద్దున తొమ్మిదికి రౌండ్స్‌కొచ్చిన డాక్టరు “ఇంటికెళ్లిపోవచ్చమ్మా” అంటాడు. పేషెంటు భార్య ఫ్లాస్కు, దుప్పటి, మిగిలిన బత్తాయిలు సంచిలో సర్దేస్తుంది. బిల్లింగ్‌లో ఫార్మసీ రిటర్న్స్ రావాలంటారు. ఫార్మసీలో నర్సు సంతకం కావాలంటారు. కాగితాలు అప్‌లోడ్ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. చట్టం గడియారం అప్పుడు మొదలవుతుంది. ఐదున్నరకు టీపీఏ (కంపెనీ తరఫున క్లెయింలు చూసే సంస్థ) డెస్కులో అమ్మాయి “క్వెరీ వచ్చింది సార్, బీపీ ఎప్పట్నుంచి ఉందో లెటర్ కావాలట” అంటుంది. లెటరివ్వాల్సిన డాక్టరు ఓటీలో ఉంటాడు. దుప్పటి మళ్లీ మంచం మీదికొస్తుంది. కంపెనీ గడువు తప్పలేదని గమనించాలి. రెండున్నర గంటల్లోనే జవాబిచ్చింది. ఇవ్వనిదల్లా అప్రూవలే.

రాత్రి అది కూడా వస్తుంది, కోతలతో. గ్లౌజులకు డబ్బులు రావు. సర్జన్ ఒట్టి చేతులతో చేసి ఉండాల్సింది కాబోలు. పాలసీలో రాసిన పరిమితికన్నా రూము అద్దె ఎక్కువైతే సర్జన్ ఫీజులో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. ఈ లెక్క అర్థమైనవాడికి ఇన్‌కం టాక్స్ ఫారాలు నవలల్లా అనిపిస్తాయి.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద, ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ సున్నా అయింది. 20,000 ప్రీమియం మీద 3,600 మిగులుతాయని మధ్యతరగతి ఇళ్లలో అప్పుడే ఖర్చుల లిస్టులు కూడా రాసుకున్నారు. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, అంటే తమ ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని సర్దుబాటు చేసుకునే వీలు, పోగొట్టుకున్న కంపెనీల ఏడుపు మాత్రం ఎవరికీ పట్టలేదు. రెన్యువల్ నోటీసు చూస్తే మీకు 46 ఏళ్లు వచ్చాయనీ, వయసు స్లాబు మారిందనీ, వైద్యం ఖర్చులు పెరిగాయనీ ఉంటుంది. సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. మిగతావాళ్లు త్వరగా 60కి చేరుకోవాలి.

క్లెయిం తిరస్కరించాలన్నా ఇప్పుడు కంపెనీలో రివ్యూ కమిటీ ఒప్పుకోవాలి. గతంలో మీకు కాదని ఎవరో ఒక్కడే చెప్పేవాడు, ఇప్పుడు కూలంకషంగా చర్చించి చెబుతారు. అయినా తృప్తి లేనివాళ్లకు, బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఆయన తీర్పును 30 రోజుల్లో అమలు చేయకపోతే కంపెనీ పాలసీదారుకు రోజుకు 5,000 కట్టాలి. ఆ డబ్బుతో కార్పొరేట్ ఆస్పత్రిలో సింగిల్ రూము దొరకడం కష్టమే, షేరింగ్‌లో ప్రయత్నించవచ్చు.