కోన్ ఫిల్టర్ గారికి, ఓమ్నీ ముందు సీటు నుంచి

శ్రీయుత కోన్ ఫిల్టర్ గారికి,

నమస్కారం. పికప్ తగ్గిందని మా బామ్మర్ది కంపెనీ ఎయిర్ ఫిల్టర్ పీకేయించగా, ఇంజన్‌కి గాలి వడకట్టే పనికి మీరు అతని పాత మారుతి ఓమ్నీలోకి వేంచేసినప్పటి నుంచి మీతో నాలుగు మాటలు మాట్లాడాలని చూస్తున్నాను. కానీ బండి స్టార్టయితే మీ అరుపులో ఎవరి మాటా వినపడదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ అందం సంగతి. ఎర్రటి ఒళ్లు, మెరిసే క్రోమ్ టోపీ, చుట్టూ మడతలు మడతలుగా జాలీ. ఇంత సోకు చేసుకుని వచ్చి సీటు కింద చీకట్లో కూర్చున్నారు, పాపం. ఓమ్నీ ఇంజన్ ఉండేది ముందు సీట్ల కిందే కదా, సీటు ఎత్తితే తప్ప మిమ్మల్ని చూసే దిక్కు లేదు. మీ డబ్బా మీద బొమ్మలో మాత్రం ఏదో స్పోర్ట్స్ కారు, నీలం రంగు గాలి సుడులు, కింద పవర్, పికప్, మైలేజ్ అన్నీ పెరుగుతాయని రాత. అన్నీ ఒకేసారి! మారుతి వాళ్లు 1984లో మొదలుపెట్టి 2019 దాకా ఈ వ్యాన్ తయారు చేశారు, అన్నేళ్లూ వాళ్లకి తట్టని ఉపాయం మీ అట్టపెట్టెకి తట్టిందన్నమాట.

సరే, లెక్క చూద్దాం. ఇది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. ఒక్కో సిలిండరూ రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 4000 చుట్ల వేగంలో, నిండుగా పీల్చినా నిమిషానికి 1600 లీటర్లు దాటదు, నిజానికి అంత కూడా పీల్చదు. శుభ్రంగా ఉన్న కాగితం ఫిల్టర్‌కి ఇదొక పనా? ఇరుకంతా దాని తర్వాతే ఉంది, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ గొంతు దగ్గర, వాల్వుల దగ్గర. మీరొచ్చి చేసిందల్లా సన్నమూతి సీసాకి పెద్ద గరాటు పెట్టడమే.

పోనీ, ఆ పీల్చే గాలి ఎలాంటిది? కంపెనీ ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బా చూడ్డానికి ఏమీ బాగోదు, ఒప్పుకుంటా. కానీ అది మూత బిగించుకుని, గొట్టంతో బయటి గాలి తెచ్చుకునేది. మీరు ఒళ్లంతా తెరుచుకుని ఇంజన్ పక్కనే కూర్చుని, అదే వేడిని మళ్లీ ఇంజన్‌కి తాగిస్తున్నారు. మే నెల బెజవాడలో బయట 40 డిగ్రీలు, సీటు కింద 70 అనుకుందాం. ఆ తేడాకి గాలి దాదాపు 9 శాతం పలచబడుతుంది, పవర్ కూడా దాంతోపాటే కొంత పోతుంది. ఈ వ్యాన్‌కి ఉన్నవే సుమారు 35 గుర్రాలు (హార్స్‌పవర్). అందులో ఒకటి రెండింటిని మీరు లాయంలోనే పడుకోబెట్టారు, పైగా జీతం మాత్రం పవర్ పెంచినందుకు తీసుకున్నారు.

అయినా మా వాడికి తేడా తెలిసింది. "బావా, పికప్ చూశావా, ఎలా లాగుతుందో!" అన్నాడు. లాగడం లేదురా, అరుస్తోంది అంటే వినడు. పాత డబ్బా ఆ పీల్పు చప్పుడుని మింగేసేది, మీరు దాన్ని నేరుగా మా కాళ్ల కింద వదులుతున్నారు. యాక్సిలరేటర్ తొక్కగానే బుస్సుమంటుంటే బండి ఎగిరిపోతున్నట్టే ఉంటుంది, అద్దంలో చూస్తే వెనక ఆటోవాడు తాపీగా హారన్ కొడుతూ దారి అడుగుతుంటాడు. సినిమాల్లో కిడ్నాపులు చేసిన వంశం ఈ వ్యాన్‌ది, మీరు తోడైతే ఎత్తుకెళ్లే సంగతి వీధి చివరివాళ్లకి కూడా ముందే తెలిసిపోతుంది.

ఇక మీ జాలీ. ఒకసారి ఊడదీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాను, అవతల కొబ్బరి చెట్టు కనపడింది. చెట్టు కనపడే జాలీలోంచి దుమ్ము రాదా అండీ? మేము కంకర టిప్పర్ల వెనకాల తిరిగే మనుషులం. ఆ సన్నటి రాతి పొడి సిలిండర్లోకి దిగి ఆయిల్‌తో కలిస్తే సానపట్టే ముద్దే, గోడలు గీసుకుపోతాయి, రింగులు అరిగిపోతాయి, తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ. డబ్బా మీద వేసిన నీలం సుడులు ఇవేనేమో! మిమ్మల్ని కడిగి, ప్రత్యేకమైన ఆయిల్ పూస్తుండాలట. బిగించిన కుర్రాడు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూశాడు.

ఆ కుర్రాడే ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ గొట్టాన్ని గాలికి వదిలేశాడు. అంతకుముందు అది పాత డబ్బాలోకి వెళ్లేది. మీకు దాన్ని పెట్టుకునే చోటు లేదు, కాబట్టి ఆ ఆయిల్ ఆవిరి సీటు సందుల్లోంచి లోపలికి వచ్చింది. మా అత్తగారు "ఏదో మాడుతోంది అల్లుడూ" అంటూ ఏలూరు దాకా చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే కూర్చున్నారు.

చివరికి పాత మెకానిక్ ఒకాయన చూసి తేల్చింది వినండి. చోక్ కేబుల్ పట్టేసి, చల్లటి ఇంజన్ స్టార్టయ్యేందుకు గాలి తగ్గించే చోక్ పలక సగం మూసుకునే ఉంది. ప్లగ్గులు మసి. గాలి గొట్టం రబ్బరు చీలింది. పికప్ పోయింది వీటివల్ల! కేబుల్ సరిచేసి, కార్బురేటర్ కడిగి, ట్యాపెట్లు సెట్ చేసి, కొత్త గొట్టం, కొత్త కాగితం ఫిల్టర్ వేసి పాత డబ్బా బిగించాడు. అంతా కలిపి మీ ధరలో సగం కాలేదు. బండి ఇప్పుడు ఫ్లైఓవర్ మీద థర్డ్ గేర్‌లో మాట్లాడకుండా ఎక్కుతోంది.

మిమ్మల్ని కొనడానికి ఇంకో ఓమ్నీ ఓనర్ ఫోన్ చేశాడు, చప్పుడు బాగుంటుందా అనే అడిగాడు. చాలా బాగుంటుందని చెప్పాను, అబద్ధం కాదుగా. మీ స్టీల్ క్లాంపు మాత్రం పంపడం లేదు. కొత్త గొట్టానికి సరిగ్గా సరిపోయింది, మీతో వచ్చిన సామాన్లో పనికొచ్చింది అదొక్కటే.

ఇట్లు,
కాలిన ముందు సీటు వాడు