ఎడమ పక్క నాలుగు స్పేసులు ఎవరివి?

ప్రోగ్రాములో ఒక స్ట్రింగు, అంటే కొటేషన్ గుర్తుల మధ్య రాసిన టెక్స్టు, రెండో లైనులోకి అడుగు పెట్టిన క్షణం నుంచి దాని ఎడమ పక్క ఖాళీ జాగా తగాదాలో పడుతుంది. భాషల్ని తయారుచేసినవాళ్ళు, కమిటీల పెద్దలు, కోడ్ అమరికను సర్దే ఫార్మాటర్లు రాసినవాళ్ళు, రివ్యూ చేసే సీనియర్లు, అందరూ ఈ జాగా మీద తలో తీర్పూ ఇచ్చేశారు. అయినా ఈ విషయానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా బాధ. వేరియబుల్‌కి పేరు ఎలా పెట్టాలో ఉపన్యాసాలు ఉన్నాయి. ట్యాబా, స్పేసా అన్న వాదనలో స్నేహాలే చెడిపోయాయి. స్ట్రింగు లోపలి స్పేసు తరఫున మాత్రం ఎవరూ గొంతెత్తరు. ఆ బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు తగాదా ఏమిటో చెప్పాలి. ఒక క్లాసు, దాని లోపల ఫంక్షను, ఫంక్షను లోపల ఒక ఇఫ్. ఆ ఇఫ్ లోపల యూజర్‌కి పంపాల్సిన మెయిల్ టెక్స్టు ఐదారు లైన్లు. క్రమశిక్షణ గల ప్రోగ్రామర్ దాన్ని చుట్టూ ఉన్న కోడ్‌తో సమానంగా 12 స్పేసులు జరిపి (ఇలా జరపడాన్నే ఇండెంట్ అంటారు), వరస తప్పకుండా రాస్తాడు. ఎడిటర్‌లో చూస్తే కళ్ళు చల్లబడతాయి. మెయిల్ అందుకున్న మనిషికి మాత్రం మొదటి లైను ఒక్కటే అంచున ఉంటుంది, మిగతావన్నీ ఎక్కడో లోపల మొదలవుతాయి. ఆ 12 స్పేసుల్లో నాలుగు క్లాసువి, నాలుగు ఫంక్షనువి, నాలుగు ఇఫ్‌వి. పాస్‌వర్డ్ మారిందని చెప్పమంటే, మన ప్రోగ్రాము లోపల ఎన్ని అంతస్తులున్నాయో కూడా ఆయనకు విన్నవించుకున్నాం. ఇంతకు మించిన పారదర్శకత ఏ సంస్థ పాటిస్తోందో చెప్పండి.

అదే టెక్స్టు మార్క్‌డౌన్‌గా, అంటే మామూలు గుర్తులతోనే శీర్షికలూ పేరాలూ అమర్చే పద్ధతిలో వెళ్తే వైభవం ఇంకా పెరుగుతుంది. మార్క్‌డౌన్‌లో ఖాళీ లైను తర్వాత నాలుగు స్పేసులతో మొదలైన పేరా పేరా కాదు, కోడ్ బ్లాక్. దాంతో "మీకు స్వాగతం" అన్న పలకరింపు ప్రత్యేకంగా ఒక పెట్టెలో, టైపురైటర్ అక్షరాలతో ప్రత్యక్షమవుతుంది. శీర్షిక ముందు పెట్టిన హ్యాష్ గుర్తు హ్యాష్ గుర్తుగానే మిగిలిపోతుంది. చదివినవాడు ఇదేదో కమాండ్ కాబోలనుకుని కాపీ చేసుకుంటాడు.

డేటాబేసుని ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ రాసేవాళ్ళకు ఈ బాధ లేదు. క్వెరీలో పదాల మధ్య ఎన్ని స్పేసులున్నా డేటాబేసు కిమ్మనదు. అందుకే ఈ సమస్య మీద ఎప్పుడు చర్చ జరిగినా "మాకెప్పుడూ రాలేదే" అంటూ ముందు మాట్లాడేది వాళ్ళే.

ఇక రెండో వర్గం ఉంది. వీళ్ళు టెక్స్టుని తీసుకెళ్ళి ఎడమ గోడకు ఆనించి రాస్తారు. కోడ్ ఎంత లోతున ఉన్నా సరే, స్ట్రింగు మాత్రం సున్నా కాలమ్ నుంచే. అవుట్‌పుట్ అక్షరం పొల్లుపోకుండా వస్తుంది, అందులో వంక పెట్టడానికి లేదు. ఫైలు మాత్రం చూడబుద్ధి కాదు. మెట్టు మెట్టుగా దిగుతున్న కోడ్ మధ్యలో హఠాత్తుగా ఐదు లైన్లు గోడ దగ్గరికి పరుగెత్తి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెనక్కి వస్తాయి. ఫంక్షను అక్కడితో అయిపోయిందని కొత్తగా చేరినవాడు అనుకుంటాడు. రివ్యూలో సీనియర్ "ఇండెంట్ చూడండి" అని రెండు ముక్కలు రాసి పోతాడు. ఆయన మాట వింటే మెయిల్ పాడవుతుంది, వినకపోతే సంబంధాలు పాడవుతాయి. చాలామంది మెయిలే పాడవనిస్తారు. నేను వాళ్ళను తప్పుపట్టను. యూజర్ ఎక్కడో ఉంటాడు, సీనియర్ పక్క కుర్చీలో ఉంటాడు.

మూడో వర్గం కష్టజీవులు. ఒక్కో లైనుకి విడిగా కొటేషన్ గుర్తులు, చివర లైను మారాలని చెప్పే న్యూలైన్ గుర్తు. పక్కపక్కన పెట్టిన స్ట్రింగులు వాటంతట అవే కలిసిపోయే సదుపాయం 1989 నాటి సీ ప్రమాణంలోనే ఉంది, పైథాన్‌లోనూ ఉంది. స్ట్రింగుల లిస్టులో ఒక కామా మర్చిపోతే రెండు ఐటమ్‌లు ఒకటైపోయి, ఎర్రర్ అన్నదే లేకుండా ప్రోగ్రాము హాయిగా నడిచేది కూడా ఈ సదుపాయం చలవే. పైగా ఇలా రాసిన టెక్స్టులో మధ్యన ఒక వాక్యం చేరిస్తే, కింది లైన్లన్నీ విరిచి మళ్ళీ కొటేషన్లు పెట్టుకోవాలి. అందుకే ఆ వాక్యం ఎవరూ చేర్చరు. కొన్ని సాఫ్ట్‌వేర్ల హెల్ప్ టెక్స్టు ఏళ్ళ తరబడి ఎందుకు మారదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇప్పుడు న్యాయస్థానాల సంగతి చూద్దాం. పైథాన్ తీర్పు సూటిగా ఉంటుంది: మూడేసి కొటేషన్ గుర్తుల మధ్య నువ్వేం కొడితే అది నీదే, తర్వాత వచ్చి ఏడవకు. కోడ్‌లో ఇండెంటే వ్యాకరణం అని ప్రపంచానికి నేర్పిన భాష, స్ట్రింగు లోపల ఇండెంట్ అనేసరికి చేతులు కట్టుకుని నిలబడింది. కాదు కూడదు అనేవాళ్ళ కోసం 2003లో వచ్చిన 2.3 వెర్షన్‌లో టెక్స్ట్‌రాప్ మాడ్యూల్‌లో డీడెంట్ అనే ఫంక్షన్ పెట్టారు. అన్ని లైన్లకూ ఉమ్మడిగా ఎడమ పక్క ఎంత ఖాళీ ఉందో చూసి అంత మేరా కోసేస్తుంది. ఒక లైనులో ట్యాబు, ఇంకో లైనులో స్పేసులు ఉంటే కంటికి రెండూ ఒక్కలాగే కనిపించినా దాని లెక్కలో ఉమ్మడి ఏమీ లేదు, కాబట్టి ఏమీ కోయదు. తప్పు పట్టలేం, న్యాయం గుడ్డిదే కదా.

దీని అసలు గొప్పతనం, విలువల్ని టెక్స్టు మధ్యలో నింపే ఎఫ్-స్ట్రింగుతో కలిపి వాడినప్పుడు బయటపడుతుంది. మెయిల్ మధ్యలో యూజర్ అడ్రసు రావాలనుకుందాం. ఎఫ్-స్ట్రింగు ముందుగా అడ్రసుని టెక్స్టులో పెడుతుంది, ఆ తర్వాతే డీడెంట్ రంగంలోకి దిగుతుంది. టెస్టు రాసినవాడు అడ్రసుగా ఒకే ఒక్క లైను ఇచ్చాడు, అంతా సవ్యంగా ఉంది. ప్రొడక్షన్‌లో నిజం మనిషి వచ్చి మూడు లైన్ల అడ్రసు ఇచ్చాడు. అందులో రెండో లైను సున్నా కాలమ్ నుంచి మొదలవుతుంది, ఎందుకంటే అడ్రసుకి మన ఇఫ్‌తో ఏ బంధుత్వమూ లేదు. ఇప్పుడు ఉమ్మడి ఖాళీ ఎంత? సున్నా. డీడెంట్ చాలా నిజాయితీగా సున్నా స్పేసులు కోసి పక్కకు తప్పుకుంటుంది. ఆ 12 స్పేసులూ యథాస్థానంలోకి వచ్చేస్తాయి. ఎర్రర్ లేదు, లాగ్ లేదు. ఫిర్యాదు చేసిన యూజర్‌కి "మా దగ్గర బాగానే వస్తోంది" అని జవాబు వెళ్తుంది, అది నిజం కూడా.

డాక్‌స్ట్రింగులకు మాత్రం పైథాన్‌లో రాచమర్యాద. 2024లో వచ్చిన 3.13 నుంచి కంపైలరే వాటి ఎడమ పక్క ఖాళీని శుభ్రం చేసి పెడుతోంది. కోడ్ గురించి చెప్పే స్ట్రింగు మనుషులు చదువుతారు కాబట్టి దానికి శుభ్రత కావాలట. మనుషులకు పంపే స్ట్రింగు మాట ఎవరూ ఎత్తలేదు.

జావాది నిదానం. 1996లో బయటికొచ్చిన భాష ఇరవై ఏళ్ళకు పైగా కొటేషన్లు, ప్లస్ గుర్తులు, న్యూలైన్లతో సంసారం నెట్టుకొచ్చింది. 2018లో రాసింది రాసినట్టే ఉంచే రా స్ట్రింగులంటూ ఒక ప్రతిపాదన తెచ్చి, ఆఖరి నిమిషంలో వెనక్కి తీసుకుంది. 2019లో 13వ వెర్షన్‌లో టెక్స్ట్ బ్లాకుల్ని ప్రివ్యూగా చూపించింది, 14లో ఇంకోసారి ప్రివ్యూ. 2020 సెప్టెంబరులో 15వ వెర్షన్‌తో కానీ ఖాయం కాలేదు. మూడు కొటేషన్ గుర్తుల కోసం ఇంత తతంగమా అని నవ్వినవాళ్ళున్నారు. నేను నవ్వను. ఆ ఆలస్యంలో వాళ్ళు ఖాళీని రెండు జాతులుగా విడగొట్టారు: కోడ్ అమరిక కోసం ఊరికే వచ్చి చేరింది ఒకటి, రాసినవాడు కావాలని పెట్టింది ఇంకొకటి. ఏది ఏ జాతో తేల్చే పనిలో టెక్స్టు లైన్లతో పాటు ముగింపు కొటేషన్లు నిలబడిన చోటునీ లెక్కలోకి తీసుకున్నారు. ఆ గుర్తుల్ని ఎడమకు నాలుగు స్పేసులు జరిపితే టెక్స్టంతా నాలుగు స్పేసులు లోపలికి వెళ్తుంది. వ్యంగ్యం పక్కన పెట్టి చెప్తున్నాను, ఇంత తెలివైన తీర్పు ఈ తగాదాలో ఇంకొకటి రాలేదు. ఎవరి హద్దు ఎక్కడో కళ్ళతో చూసి చెప్పొచ్చు.

స్విఫ్ట్ ఇదే పని 2017లోనే చేసేసింది, సీ షార్ప్ 2022లో 11వ వెర్షన్‌తో చేసింది. వీళ్ళిద్దరూ కాస్త కోపిష్టులు. ముగింపు గుర్తుల గీత దాటి ఏ లైనైనా ఎడమకు వస్తే జావాలా సర్దుకుపోరు, కంపైలే కానివ్వరు. రూబీ 2015 చివర్లో ఒక అలల గీత గుర్తు పెట్టి చేతులు దులుపుకుంది. పీహెచ్‌పీలో 7.3 వచ్చేదాకా హియర్‌డాక్ (ఒక ముగింపు పదం వచ్చేదాకా సాగే స్ట్రింగు) ముగింపు పదం సున్నా కాలమ్‌లోనే ఉండాలి, ఒక్క స్పేసు జరిగినా కుదరదు. జావాస్క్రిప్టు 2015లో లైన్లు దాటే స్ట్రింగుల కోసం బ్యాక్‌టిక్ గుర్తు ఇచ్చి ఇండెంట్ సంగతి మనకే వదిలేసింది. డీడెంట్ చేసిపెట్టే ప్యాకేజీల్ని ఇప్పటికీ జనం విడిగా దించుకుంటున్నారు. ఖాళీని తీసేయడానికి బరువు పెంచుకోవడమన్నమాట.

కమాండ్ల స్క్రిప్టులు రాసే బాష్ గురించి రెండు మాటలు చెప్పకపోతే పాపం తగులుతుంది. అక్కడా హియర్‌డాక్‌కి ఇండెంట్ తీసేసే సదుపాయం ఉంది, ఒక చిన్న హైఫన్ పెడితే చాలు. కాకపోతే అది ట్యాబులు మాత్రమే తీస్తుంది, స్పేసుల్ని ముట్టుకోదు. మన ఎడిటర్లేమో ట్యాబు నొక్కితే మర్యాదగా స్పేసులు పెట్టేలా అమర్చి ఉంటాయి. అలా ముగింపు పదం ముందు నాలుగు స్పేసులు చేరితే అది ముగింపు పదమే కాదు. అక్కడి నుంచి స్క్రిప్టు చివరిదాకా ఉన్న కమాండ్లన్నీ కమాండ్లు కావడం మానేసి సాహిత్యం అయిపోతాయి.

జిగ్ భాషలో మల్టీలైన్ స్ట్రింగులోని ప్రతి లైను ముందూ రెండు బ్యాక్‌స్లాషులు పెట్టాలి. చూడ్డానికి ముళ్ళకంచెలా ఉంటుంది. నాకు మాత్రం ముచ్చటేస్తుంది. కంచెకు ఇవతలిది కోడ్‌ది, అవతలిది టెక్స్టుది, మాటకు తావు లేదు.

సెట్టింగుల ఫైళ్ళకు వాడే యామల్ గురించి రాయను. నిలువు గీతా, గ్రేటర్ దేన్ గుర్తా, పక్కన ప్లస్సా, మైనస్సా, ఆ తర్వాత అంకె కూడానా అని అడిగేవాళ్ళు ఇప్పటికే చాలా బాధలో ఉన్నారు.

"టెక్స్టుని వేరే ఫైల్లో పెట్టుకోవచ్చుగా?" అనే వివేకవంతులూ తగులుతారు. పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ ఫైలు ప్యాకేజీలో చేరడం మర్చిపోయి, మెయిల్‌లో స్పేసుల సమస్యే కాదు, మెయిలే రాకుండా పోతుంది. ఒక రకంగా అదీ పరిష్కారమే.

ఇంతకీ ఈ తగాదాలో అన్నింటికన్నా నాజూకైన ఘట్టం రివ్యూలో జరుగుతుంది. పాత కోడ్‌ని కొత్తగా ఒక ఇఫ్ లోపలికి తోయాలి. మొత్తం సెలెక్ట్ చేసి ట్యాబు నొక్కుతాం, స్ట్రింగు లోపలి లైన్లతో సహా అన్నీ నాలుగు స్పేసులు జరుగుతాయి. ఎడిటర్ దృష్టిలో అవన్నీ లైన్లే, ఏది కోడో ఏది ఉత్తరమో దానికేం తెలుసు? ఫార్మాటర్ కాపాడుతుందా అంటే, పైథాన్‌కి వాడే బ్లాక్ (Black) లాంటి ఫార్మాటర్లు డాక్‌స్ట్రింగు కాని స్ట్రింగు లోపల చెయ్యి పెట్టవు. అందులో ఉన్నది ప్రోగ్రామర్ ఇష్టం అని వదిలేస్తాయి. ఇక రివ్యూకి వస్తే, రెండు వందల లైన్లు మారినట్టు ఎర్రగా, పచ్చగా కనిపిస్తాయి. ఎవరికి ఓపిక? రివ్యూ చేసేవాళ్ళు "వైట్‌స్పేస్ మార్పులు దాచు" అనే బటన్ నొక్కుతారు. వెంటనే మిగిలేది ఒకే ఒక్క లైను, కొత్త ఇఫ్. ప్రోగ్రాము ప్రవర్తన ఎక్కడ మారిందో సరిగ్గా ఆ చోటునే దాచిపెట్టే బటన్ అది. మిగతా కోడ్‌కి వైట్‌స్పేస్ అలంకారమే కావచ్చు. స్ట్రింగు లోపల అది డేటా, ఈ తేడా ఆ బటన్‌కి ఎవరూ చెప్పలేదు. "బాగుంది" అని కామెంటు పడుతుంది, మెర్జ్ అవుతుంది. తిలాపాపం తలా పిడికెడు.

ఇక చివరి న్యూలైన్. ముగింపు కొటేషన్లు విడిగా ఒక లైనులో ఉంటే, వాటికి ముందున్న న్యూలైన్ టెక్స్టులో భాగమా కాదా? పైథాన్, జావా అవునంటాయి. స్విఫ్ట్, సీ షార్ప్ కాదంటాయి. అచ్చంగా ఒకేలా కనిపించే నాలుగు లైన్ల టెక్స్టు రెండు భాషల్లో రెండు పొడవులతో ఉంటుంది. సర్వర్ జావాలో, ఫోన్ యాప్ స్విఫ్ట్‌లో ఉన్న చోట, రెండువైపులా ఒకే సందేశం రావాలని ఎవరో శ్రద్ధగా టెస్టు రాస్తారు. అది ఫెయిలవుతుంది. రావాల్సింది ఇదీ, వచ్చింది ఇదీ అంటూ టెస్టు రెండు టెక్స్టుల్ని ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది, రెండూ అక్షరాలా ఒకటే. రాసినవాడు స్క్రీన్‌కి మొహం ఆనించి చూస్తాడు. పక్కవాడిని పిలుస్తాడు. వాడు కూడా చూసి "క్యాష్ క్లియర్ చేశావా?" అంటాడు. ఆఖరికి ఇద్దరూ కలిసి పోల్చే ముందు రెండువైపులా, అంచుల ఖాళీ కోసేసే ట్రిమ్ పెట్టేసి, టెస్టు పచ్చబడగానే టిక్కెట్ క్లోజ్ చేస్తారు.