4.8 పెడితేనే మజానా? వోల్టుల మెసేజీకి జవాబు

ఈ-సిగరెట్ తాగేవాళ్ళ ఫోన్లలో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. రాసిందెవరో తెలీదు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

"బ్యాటరీ కొనేటప్పుడు వోల్టులు చూసుకోండి. 3.7 మామూలు రకం, 4.2 మధ్యరకం, 4.8 టాప్. కాయిల్ ఏదైనా పర్లేదు. వోల్టు పెంచితే పొగ చిక్కన, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. ఒక్క దమ్ముకే తృప్తి కాబట్టి నికోటిన్ తగ్గుతుంది. మాడు వాసన వస్తే లిక్విడ్ నకిలీదన్నమాట. ఇంకా పవర్ కావాలంటే సెల్ మీద సెల్ పెట్టండి."

మా బావమరిది దీన్ని నాకు పంపి, కింద "నిజమేనా బావా?" అని అడిగాడు. అడగడానికి ముందే తన పెన్ను (సన్నటి ఈ-సిగరెట్) డయల్‌ని 4.8కి తిప్పేశాడని, వారంలో రెండు కాయిళ్ళు (లోపల లిక్విడ్‌ని ఆవిరి చేసే తీగచుట్టలు) మాడ్చేశాడని తర్వాత బయటపడింది.

వేపింగ్ (ఈ-సిగరెట్ పీల్చడం) మంచిదని చెప్పడానికి నేనిది రాయడం లేదు. అది నికోటిన్ అలవాటే, లేనివాళ్ళు కొత్తగా తెచ్చిపెట్టుకోవాల్సింది కాదు. కానీ లిథియం సెల్లు ఉన్న వస్తువును మూతి దగ్గర పెట్టుకునే మనిషికి తప్పుడు అంకెలు చెబితే ఊరుకోబుద్ధి కాలేదు.

"3.7 మామూలు, 4.2 మధ్యరకం, 4.8 టాప్"

ఇవి రకాలే కావు. మొదటి రెండూ ఒకే సెల్లుకు వేర్వేరు వేళల్లో ఉండే అంకెలు. మామూలు లిథియం అయాన్ సెల్ ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. వాడేకొద్దీ దిగుతూ 3 వోల్టుల చుట్టుపక్కలకు వచ్చేసరికి ఖాళీ అయిందని లెక్క. ఈ ప్రయాణంలో ఎక్కువసేపు గడిపే మధ్యస్థాయిని పేరుకి 3.6 అనో 3.7 అనో అట్టమీద అచ్చేస్తారు. కాబట్టి "3.7 కాదు, 4.2ది ఇవ్వండి" అని అడగడమంటే, పొద్దున్నుంచి నడుస్తున్న బండిని చూసి "ఇది కాదు, ట్యాంకు నిండా పెట్రోలున్న మోడల్ ఇవ్వండి" అన్నట్టే.

నా దగ్గరున్న ఒక 18650 సెల్లుని (పేరులోనే కొలతలున్నాయి, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు) ఛార్జర్‌లోంచి తీయగానే మల్టీమీటర్ పెట్టి చూశాను. 4.17 చూపించింది. కాయిల్ తగిలించి బటన్ నొక్కినంతసేపూ 3.9 దగ్గర ఆడింది. వదలగానే మళ్ళీ పైకి లేచింది. లోడ్ పడితే వోల్టేజీ కుంగుతుంది, సెల్ పాతబడేకొద్దీ ఇంకా ఎక్కువ కుంగుతుంది. అట్టమీది అంకె ఈ సంగతి చెప్పదు.

ఇక 4.8 సంగతి. మామూలు సెల్ ఒక్కటి తనంతట తాను 4.8 ఇవ్వలేదు. ఇవ్వాలంటే లోపల వోల్టేజీని ఎత్తే బూస్ట్ సర్క్యూట్ ఉండాలి. కొన్ని పెన్నుల్లో నిజంగానే ఉంటుంది. కొన్నిటిలో అది లేకుండానే డయల్ చుట్టూ 4.8 అని రాసేస్తారు, అక్కడది పెయింటు తప్ప వోల్టు కాదు. ఇంకొన్ని చౌకరకం సర్క్యూట్లు కరెంటును క్షణంలో ఎన్నోసార్లు వేసి ఆపుతూ సగటున ఇంత అని సరిపెడతాయి. మామూలు మీటర్ ఆ సగటునే చూపిస్తుంది. కాయిల్‌కి తగిలే వేడి మాత్రం ఆ సగటుకు వచ్చేదానికంటే ఎక్కువే ఉంటుంది. అందుకే "నా పెన్నులో 4, నీ పెన్నులోనూ 4, మరి నాదెందుకు మాడింది?" అనే తగువులు వస్తుంటాయి.

బ్యాటరీ కొనేటప్పుడు అడగాల్సింది వేరే ఉంది. ఇది సెల్ దిగేకొద్దీ తానూ దిగిపోయే రకమా, లేక చివరిదాకా ఒకే వోల్టేజీ నిలబెట్టే రకమా అని. మొదటిది ఫుల్ ఛార్జ్‌లో గట్టిగా లాగి, పోనుపోను నీరసపడుతుంది. రెండోది ఆరిపోయేదాకా ఒకే తీరుగా ఉంటుంది. ఇంత ముఖ్యమైన తేడా గురించి మెసేజీలో ఒక్క ముక్క లేదు.

"కాయిల్ ఏదైనా పర్లేదు"

అసలు తప్పంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. వేడి పుట్టేది కాయిల్లో. ఆ వేడి ఎంతో చెప్పేది వాట్లు. వోల్టును వోల్టుతో గుణించి, కాయిల్ ఓములతో (అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) భాగిస్తే వాట్లు వస్తాయి. బడిలో చదివిన ఓమ్ సూత్రం, వాట్ల లెక్క కలిపితే వచ్చేదే, అంతకు మించి ఏమీ లేదు.

మా బావమరిది కాయిల్ మీద 1.6 ఓమ్స్ అని చెక్కి ఉంది. దానికి 3.7 వోల్టులిస్తే 8.6 వాట్లు. 4.8 ఇస్తే 14.4 వాట్లు. గమనించండి, వోల్టు పెరిగింది 30 శాతమే, వేడి మాత్రం 68 శాతం పెరిగింది. వోల్టును వోల్టుతోనే గుణిస్తున్నాం కదా, అందుకు. డయల్ మీద వేలెడంత కదలిక కూడా లేదు, లోపల కాయిల్‌కి మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా పని పడింది.

ఇప్పుడు అదే 4.8ని 2.7 ఓముల కాయిల్‌కి ఇచ్చి చూడండి. 8.5 వాట్లు. అంటే 1.6 ఓముల మీద 3.7 ఎంతో, 2.7 ఓముల మీద 4.8 అంతే. ఒకరు "4.8 అద్భుతం" అని, ఇంకొకరు "3.7 చాలు" అని గంటసేపు వాదించుకుంటున్నారంటే, ఇద్దరూ అదే వేడిని పీలుస్తూ ఉండవచ్చు.

ఈ మెసేజీ ఎక్కడ పుట్టిందో నాకో అంచనా ఉంది. ఈ-సిగరెట్లు వచ్చిన తొలినాళ్ళలో, అంటే 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు తయారుచేసిన దానికి రకరకాల పిల్లలు పుట్టుకొచ్చిన రోజుల్లో, సన్నటి పెన్నులకు రెండు మూడు ఓముల కాయిళ్ళు వాడేవాళ్ళు. వాటి మీద 3.7 నిజంగానే చప్పగా ఉండేది. అందుకని కొందరు 5 వోల్టుల పరికరాలకు మారారు, తేడా కనబడింది. "వోల్టు పెంచితే బాగుంది" అన్న మాట అలా పుట్టి ఉంటుంది. ఆ తర్వాత కాయిళ్ళు మారిపోయాయి, ఓములు ఒకటికీ అరకూ దిగాయి. మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. 0.5 ఓముల కాయిల్‌కి 4.2 వోల్టులు తగిలితేనే 35 వాట్లు, 8.4 ఆంపియర్ల కరెంటు. సన్నటి పెన్ను సెల్లుకి అది మోయలేని బరువు. ఓములు తక్కువంటే బలం తక్కువనుకునేవాళ్ళు ఇక్కడే బోర్లాపడతారు. ఓములు తగ్గేకొద్దీ కరెంటు వరదలా వస్తుంది.

వాట్లు సెట్ చేసుకునే పరికరం ఉన్నవాళ్ళకు ఈ మెసేజీతో పనేలేదు. అందులో చిప్పే కాయిల్ ఓములు కొలుచుకుని, అడిగిన వాట్లకు ఎంత వోల్టు కావాలో అంత ఇస్తుంది. తెర మీద కనబడే వోల్టు మీరు ఎంచుకున్నది కాదు, అది లెక్కలో తేలినది.

"మాడు వాసన వస్తే లిక్విడ్ నకిలీది"

మాడిపోయిన ఆ రెండు కాయిళ్ళలో ఒకదాన్ని నేను విప్పి చూశాను. మధ్యలో ఉండాల్సిన తెల్లటి దూది తీగ ఆనిన చోట బొగ్గులా ఉంది, వేలితో నలిపితే పొడిగా రాలింది. కొంచెం ఎడంగా గోధుమరంగు, చివర్లలో మాత్రం ఇంకా తెలుపే, తడిగానే ఉంది. తీగ మీద నల్లటి పెంకు కట్టింది, గోటితో గీకితే పెళుసుగా ఊడింది. లిక్విడ్ నకిలీదైతే దూది ఇలా మధ్యలో కాలి చివర్లలో తడిగా ఎందుకుంటుంది?

జరిగేది ఇది. దూది ట్యాంకులోంచి లిక్విడ్‌ని పీల్చి తీగకి అందిస్తుంది. తీగ దాన్ని ఆవిరి చేస్తుంది. లిక్విడ్‌లో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 290 దగ్గర మరుగుతాయి. తడి ఉన్నంతసేపూ వేడి ఆవిరిగా పోతుంది కాబట్టి తీగ హద్దు దాటదు. అందించే వేగాన్ని మించి ఆవిరి చేయడం మొదలుపెడితే తీగ దగ్గర తడి ఆరిపోతుంది. నీళ్ళు ఇగిరిపోయిన గిన్నెలా ఇక వేడి నేరుగా పైకి ఎగబాకుతుంది. దూది కాలుతుంది. గొంతు పట్టేసినట్టై దగ్గు వస్తుంది. దీన్నే డ్రై హిట్ అంటారు.

లిక్విడ్ పాత్ర అసలు లేదని కాదు. గ్లిజరిన్ పాలు ఎక్కువున్న చిక్కటి లిక్విడ్ దూదిలో నెమ్మదిగా పాకుతుంది, తీపి ఎక్కువున్నవి తీగ మీద పెంకు తొందరగా కట్టిస్తాయి. కొత్త కాయిల్ వేయగానే దూది తడిసేదాకా పది నిమిషాలు ఆగకుండా లాగినా మాడుతుంది. కానీ తక్కువ వోల్టులో బాగానే ఉన్న లిక్విడ్ డయల్ తిప్పగానే మాడిందంటే, నిందించాల్సింది సీసాను కాదు, తిప్పిన వేలిని.

మాడు అంటే రుచి పాడవడం ఒక్కటే కాదు. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుల లేఖ ఒకటి వచ్చింది. ట్యాంకు రకం పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే క్యాన్సర్ కారకమైన ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే సమ్మేళనాలు కనబడలేదు, 5 వోల్టుల దగ్గర గణనీయంగా కనబడ్డాయి. దాని మీద గట్టి ఆక్షేపణే వచ్చింది. ఆ అమరికలో 5 వోల్టులంటే మనిషి భరించలేని డ్రై హిట్ అని, యంత్రానికి నాలుక లేదు కాబట్టి పీలుస్తూ పోయిందని, అదే ఏడాది ఇంకో బృందం వేపింగ్ అలవాటున్నవాళ్ళతో పరీక్షించి చూపింది. మామూలు వాడకంలో ఆ స్థాయి రాదన్నది వాళ్ళ వాదన. ఆక్షేపణ సబబే అని నాకనిపిస్తుంది. కానీ మన మెసేజీ ఏం చెబుతోంది? ఆ నాలుక ఇచ్చే హెచ్చరికను నమ్మొద్దు, లిక్విడ్ మార్చి లాగుతూ ఉండమంటోంది. ఆక్షేపించినవాళ్ళు కూడా దీనికి ఒప్పుకోరు.

"ఒక్క దమ్ముకే తృప్తి కాబట్టి నికోటిన్ తగ్గుతుంది"

వాట్లు పెరిగితే దమ్ముకి ఆవిరయ్యే లిక్విడ్ పెరుగుతుంది, దాంతోపాటు నికోటిన్ కూడా. దమ్ములు నిజంగా తగ్గిస్తేనే లెక్క సరిపోతుంది, చెయ్యి అలవాటు అంత తేలిగ్గా తగ్గుతుందా? మిల్లీలీటరుకి 18, 20 మిల్లీగ్రాములుండే గాఢమైన లిక్విడ్లు తక్కువ వాట్ల కోసం చేసినవి. పెద్ద పరికరాల్లో 3 మిల్లీగ్రాముల లాంటివి వాడేది అందుకే. గాఢమైనదాన్ని 4.8 మీద లాగితే తల తిరగడం, వికారం వస్తాయి. దాన్ని తృప్తి అనుకుంటే చెప్పేదేం లేదు.

"బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది"

దీనికి గుణకారం చాలు. 900 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత), 3.7 వోల్టుల పెన్నులో ఉండేది సుమారు 3.3 వాట్-అవర్లు. మూడు సెకన్ల దమ్ము అనుకుంటే, 8.6 వాట్ల దగ్గర దాదాపు 460 దమ్ములు. 14.4 దగ్గర 280 లోపే. బూస్ట్ సర్క్యూట్ తినేది ఇంకా తీసేయలేదు.

"సెల్ మీద సెల్ పెట్టండి"

ఇక్కడ మాత్రం నవ్వు రాలేదు. రెండు ఫుల్ ఛార్జ్ సెల్లులు ఒకదాని మీద ఒకటి పెడితే 8.4 వోల్టులు. అదే 0.5 ఓముల కాయిల్ మీద 16.8 ఆంపియర్లు, 141 వాట్లు. సర్క్యూట్ లేని మెకానికల్ ట్యూబులో దీన్ని ఆపే నాథుడు లేడు, బటనే స్విచ్చి. రెండు సెల్లుల్లో ఒకటి పాతదైతే అది ముందు ఖాళీ అవుతుంది, రెండోది దాన్ని ఇంకా కిందకు, వ్యతిరేక దిశలోకి తోస్తుంది. అలా దెబ్బతిన్న సెల్ లోపల వేడి పుట్టి, ఆ వేడే మరింత వేడిని పుట్టించి, మండే వాయువును చిమ్ముతుంది. అది గొట్టంలో ఇరుక్కుంటే గొట్టమే పేలుడు పదార్థం. రెండు సెల్లుల కోసమే తయారైన పరికరాల సంగతి వేరు. వాటిలో చిప్ ఉంటుంది. అయినా ఒకే రకం, ఒకే వయసు జతనే కలిపి వాడి, కలిపి ఛార్జ్ చేయాలి.

సెల్ ఎన్ని ఆంపియర్లు ఆగకుండా ఇవ్వగలదన్నదే ఇక్కడ చూడాల్సిన అంకె, దాని మీద అచ్చేసిన ఎంఏహెచ్ కాదు. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని కనబడితే తీసుకోకండి, ఆ సైజులో అంత పట్టదు. మంచి తయారీదారులవి అందులో సగం కూడా ఉండవు. పైన చుట్టిన ప్లాస్టిక్ చిరిగిన సెల్లుని, తాళంచెవులున్న జేబులో వేసిన విడి సెల్లుని నమ్మొద్దు. ఛార్జర్ విషయంలోనూ ఇదే మొండితనం చూస్తుంటాను, ఎక్కువ వోల్టు ఛార్జర్ పెడితే సెల్ బలపడుతుందని. 4.2 దాటించడమంటే బలం కాదు, ప్రమాదాన్ని నింపడం.

బావమరిదికి చెప్పింది ఇంతే. కాయిల్ మీద ఓములతో పాటు ఎన్ని వాట్లకు పనికొస్తుందో కూడా రాసి ఉంటుంది, అది చూడు. కొత్త కాయిల్ వేసి, దూది తడిసేదాకా ఆగి, 3.3తో మొదలుపెట్టు. చాల్లేదనిపిస్తే 0.1 చొప్పున పెంచు. గొంతులో గీరినట్టు మొదటిసారి అనిపించిన చోట ఆగి, రెండు మెట్లు వెనక్కి రా. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి 3.6 దగ్గర ఆగానన్నాడు. మెసేజీని మాత్రం అప్పటికే ఇంకో ముగ్గురికి పంపేశాడట. వాళ్ళ కాయిళ్ళు ఎన్ని ఓములో కనుక్కోమన్నాను. ఇంకా కనుక్కోలేదు.