మోత మొదలయ్యేది ఆ తర్వాతే

వర్షంలో నానుతూ అలాస్కా అడవిలో మూస్ దుప్పి వేటకెళ్లిన భార్యాభర్తల కథనం చదివితే, అక్కడి ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్లో నా చదువు రోజులు గుర్తొచ్చాయి. తుపాకీ పేలడంతో పని అయిపోదండీ, అప్పుడే మొదలవుతుంది. పెద్ద మగ మూస్ 500 కిలోలు దాటుతుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేస్తే అక్కడ నేరం. మా ఇంటి ఓనరు దంపతులు ఒక సెప్టెంబరులో వేటాడిన మూస్ మాంసాన్ని రెండు రోజులు భుజాన మోశారు. తిరిగొచ్చాక ఆవిడ బూటు వంపితే గ్లాసుడు బురదనీళ్లు! అడవిలో ఎలుగుబంటి భయం కంటే భర్త వేసుకెళ్లిన కాటన్ ప్యాంటే ఆవిడని ఎక్కువ టెన్షన్ పెట్టిందట. తడిస్తే ఒక పట్టాన ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. ఉన్ని అయితే తడిసినా కాస్త వెచ్చగానే ఉంటుంది. ఇంతకీ నేను చదివిన ఆ కథనమంతా భర్త గురి గురించే ఉంది. సగం బరువు మోసిన ఆ భార్య మాటేదీ?