జరిగినట్లయితే చింతిస్తున్నాం

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు సంఘం వేసిన ఉగాది కార్డులో ఒక పేరు ఎగిరిపోయింది. కవి సమ్మేళనానికి అధ్యక్షత వహించాల్సిన మాస్టారి పేరు. ఎనభై దాటిన మనిషి. కార్డు మడిచి జేబులో పెట్టుకుని మరీ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మా కార్యదర్శి మైకు అందుకుని, "ఆహ్వాన పత్రికలో ఏదైనా పొరపాటు జరిగినట్లయితే చింతిస్తున్నాం" అన్నాడు. మాస్టారు లేవలేదు, గొంతు కూడా పెంచలేదు. "జరిగితేనా? ఏటి నాయనా, కార్డు నా జేబులోనే ఉంది కదా!" అన్నారు.

హాలంతా నవ్వింది. నేను మాత్రం ఆ 'అయితే' దగ్గరే ఉండిపోయాను.

మన సభల్లో, పేపర్లలో కనపడే విచారమంతా ఈ 'తే' మీదే నడుస్తోంది. నాయకుడు నోరు జారతాడు. మర్నాడు "నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" అంటాడు. దెబ్బతిన్నవాళ్లు ఆయన గేటు ముందే ధర్నాలో కూర్చుని ఉంటారు. రోడ్డు తవ్విన చోట "అసౌకర్యమునకు చింతిస్తున్నాము" అని బోర్డు. ఎవరు చింతిస్తున్నారో, ఎన్నాళ్లు చింతిస్తారో అందులో ఉండదు. ఒడియా వాళ్లదీ ఇదే తంతు. వాళ్లు "భుల్ హెయిగలా" అంటారు, మనం "తప్పయిపోయింది" అంటాం. రెండు భాషల్లోనూ తప్పు దానంతటదే అయిపోతుంది, చేసినవాడు కనపడడు.

ఇరుగుపొరుగుతో ఇలా మాట్లాడం. పోయిన దసరాకి పక్కింటి పిన్నిగారు పులిహోర కలపడానికి మా ఇత్తడి బేసిను పట్టుకెళ్లారు. తిరిగి తెచ్చినప్పుడు దాన్ని బోర్లించి, అడుగున వేలు పెట్టి చూపించి, "అమ్మాయ్, నూతి గట్టు మీద పడేశాను, సొట్ట పెట్టేశాను" అన్నారు. పడిపోయింది అనలేదు. సొట్ట పడింది అనలేదు. మా ఆవిడ "పోనిద్దురూ పిన్నిగారూ" అంది. అక్కడితో సరి.

జలియన్‌వాలాబాగ్‌కి నూరేళ్లు నిండిన 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరెసా మే పార్లమెంటులో తీవ్ర విచారం తెలిపారు. క్షమాపణ మాత్రం అడగలేదు. విచారం పక్క వీధివాడైనా పడొచ్చు మరి.

మన సుప్రీంకోర్టు అడిగిన ఒక ప్రశ్న నాకు భలే నచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల కేసులో పతంజలి సంస్థ 2024 ఏప్రిల్‌లో 67 పత్రికల్లో క్షమాపణ వేయించింది. మీరు వేసే ప్రకటనలంత సైజులో వేశారా ఇది, అని అడిగారు జడ్జిలు. మర్నాడు ఇంకా పెద్దది వచ్చింది. అలాగని చట్టం మరీ కఠినమేం కాదు. నిజాయితీగా చెప్పిన క్షమాపణను, షరతు ఉందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 12వ సెక్షనే అంటోంది. మా మాస్టారు అంత ఉదారులు కారు.

మాట్లాడే భాషే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది మా పక్కనున్న పర్లాకిమిడిలో ఉండే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసింది, ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. కథలూ, పాఠాలూ, పేపర్లూ అన్నీ వాడుక భాషలోకి వచ్చేశాయి. తప్పు ఒప్పుకోవాల్సి వచ్చేసరికే మనకి ఉన్నట్టుండి గ్రాంథికం గుర్తొస్తుంది.

ఇంత రాసి ఒక సంగతి దాచడం బాగోదు. పైన 'పేరు ఎగిరిపోయింది' అని రాశాను. ఎగరలేదు. ఆ కార్డుకి ప్రూఫ్ దిద్దింది నేను. కార్యదర్శి మైకు ముందు నీళ్లు నములుతుంటే మూడో వరసలో కూర్చుని ఉగాది పచ్చడి దొన్నె గీక్కుంటున్నాను. మాస్టారూ, మీ పేరు నేను వదిలేశాను. కార్డులో మీ పేరు పడాల్సిన అక్షరాల సైజులోనే ఈ ముక్క వెయ్యమని ఎడిటరు గారిని అడిగాను. చోటు చాలకపోతే బ్రిటన్ పేరా తీసెయ్యమన్నాను.