పేరు చెప్పకపోయినా పోల్చుకుంటారు

డిజిటల్ గుర్తింపు అంటే ఓ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ప్రొఫైల్ ఫొటో అని చాలామంది లెక్క. అది మనం చేతులారా రాసిచ్చిన భాగం. ఏ వేళకు ఫోన్ తీస్తాం, ఏ వీడియో దగ్గర ఆగుతాం, ఎవరికి ఎక్కువ మెసేజ్‌లు పెడతాం అన్న ఆనవాళ్లన్నీ పోగేసి, ముక్కూ మొహం తెలియనివాళ్లు మనకు రాసిన జాతకం ఇంకోటుంది. ఎవరి జాతకమో వాళ్లకే దాన్ని సరిగా చూపించరు.

‘పేరు ఇవ్వలేదు కదా, టెన్షన్ ఎందుకు’ అనే ధీమా ఎంత పలచనిదో 2000లోనే తేలింది. పుట్టినతేదీ, ఆడో మగో, పోస్టల్ కోడ్ తెలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా పోల్చుకునే వీలుందని పరిశోధకురాలు లతాన్యా స్వీనీ లెక్కగట్టారు. శుభాకాంక్షల మోజులో మనమే బయటపెట్టుకునే తేదీ అందులో ఒకటి!

2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం ఈ సంగతి పట్టుకుంది. పరోక్షంగానైనా సరే, మనిషిని పోల్చుకోవడానికి పనికొచ్చే సమాచారమంతా వ్యక్తిగతమేనంది. మా దృష్టిలో సరైన నిర్వచనం అదే.

చిక్కంతా సమ్మతి దగ్గర. ఎవరూ చదవని బారెడు షరతుల కింద ‘ఐ అగ్రీ’ నొక్కడం ఏపాటి సమ్మతి? పైగా అది నొక్కినవాళ్లతో ఆగదు. రాజకీయ ప్రచారాలకు సలహాలిచ్చిన కేంబ్రిడ్జ్ అనలిటికా సంస్థ చేతికి ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు చేరిన వ్యవహారంలో, వాటిని లాగిన క్విజ్ యాప్ వేసుకున్నది దాదాపు 2.7 లక్షల మంది. వాళ్ల స్నేహితులతో కలిపి 8.7 కోట్ల మంది దాకా వివరాలు చేజారి ఉండొచ్చని ఫేస్‌బుక్ 2018లో చెప్పింది. ఆ స్నేహితులను ఎవరూ అడగనే లేదు. కాంటాక్ట్స్ కోసం యాప్ అడిగితే మనం ‘అలో’ నొక్కుతాం. ఇచ్చేది పక్కవాళ్ల నంబర్లు. పసిబిడ్డ ఫొటోలు పెట్టే అమ్మానాన్నల సంగతీ అంతే. మాటలు రాకముందే ఆ బిడ్డకో డిజిటల్ గుర్తింపు తయారైపోతుంది.

‘జాగ్రత్తగా ఉండండి’ అని జనానికి సుద్దులు చెప్పడం తేలిక. భారం మాత్రం పోగేసేవాళ్ల మీదే పడాలి. మనం ఎక్కించిన ఫొటోలనే తిరిగి డౌన్‌లోడ్ చేసుకోమని ఓ బటన్ పెడితే చాలదు. మన ఆదాయం, ఆరోగ్యం, రాజకీయాల గురించి కంపెనీలు ఏం ఊహించి రాసుకున్నాయో అడిగిన వెంటనే చూపాలి, తప్పుంటే దిద్దాలి, వద్దంటే చెరిపేయాలి. తన పనికి అక్కర్లేని కాంటాక్ట్స్‌ను అడిగే వీలు ఏ యాప్‌కూ ఉండకూడదు.