మహారాజశ్రీ గ్యాస్ ట్రబుల్ గారికి

బీటీఎం లేఅవుట్,
బెంగళూరు.

మహారాజశ్రీ గ్యాస్ ట్రబుల్ గారి సముఖానికి మీ భక్తుడు రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, మీ మకాం నా కడుపులోనే అని ముప్ఫై నాలుగేళ్లు నమ్మినవాణ్ణి కాబట్టి ఆ మాట అనవసరం.

మీ కీర్తి సామాన్యమైనదా! మా హిందూపురంలో మీరు 'గ్యాసు'. బెంగళూరుకొచ్చేసరికి 'గ్యాస్ట్రిక్' అయ్యారు. హైదరాబాద్‌లో మా చిన్నమ్మ పిల్లలది ఇంగ్లీషు మీడియం కాబట్టి వాళ్లింట్లో 'ఎసిడిటీ'. ఏ పేరుతో పిలిచినా పలుకుతారు. గుండె దడా? గ్యాసే. ఊపిరి ఆడట్లేదా? గ్యాసు పైకి తన్నింది. తల తిరుగుతోందా? గ్యాసు తలకెక్కింది. మనిషి మూడు వారాలుగా ఎవరితోనూ మాట్లాడట్లేదా? కడుపు శుభ్రంగా లేక. ఇన్ని శాఖలు ఒక్కరే చూసుకునే మంత్రి ఏ ప్రభుత్వంలోనూ లేడు.

నిరుడు ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం మీరు నాకు సాక్షాత్కరించిన తీరు మరవలేను. బెళ్లందూరు ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నా. సిల్క్ బోర్డు ఇంకా కిలోమీటరుంది. వాన. ముందు చేతివేళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత ఎవరో ఛాతీ మీద బియ్యం బస్తా దించినట్టయింది. ఒళ్లో టిఫిన్ బాక్సు సంచీ ఉంది. దాన్ని పట్టుకున్న చెయ్యి కనబడుతోంది, అది నా చెయ్యేనని మాత్రం అనిపించట్లేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నా. ఇంటి లోను ఇంకా పద్నాలుగేళ్లుందని కూడా అనుకున్నా. పోయే ప్రాణం కూడా వాయిదాలు లెక్కపెట్టుకుంటుందేమో.

క్యాబ్ డ్రైవర్‌ది చింతామణి ఊరు. అద్దంలో చూసి, వెనక్కి తిరిగి, "గ్యాస్ట్రిక్కే సార్, నాకూ వస్తాది, సోడా తాగితే పోతాది" అన్నాడు. అని ఊరుకోలేదు, బండి దిగి తానే తెచ్చాడు. సోడా కొట్టుకు పోయి, చిల్లర తీసుకుని, తడుస్తూ తిరిగొచ్చినా మా బండి జానెడు కదల్లేదు. తాగాను. గట్టిగా త్రేన్చాను. పది నిమిషాల్లో బస్తా దిగిపోయింది. సోడా తాగకపోయినా ఆ టైముకు దిగిపోయేదేనని చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పటికే బిరుదూ శాలువా మీకు పోయాయి.

ఆ తర్వాత ఏడు నెలలు మీ సేవలోనే గడిపాను. ఈసీజీ తీశారు, నార్మల్. ఎకో, ట్రెడ్‌మిల్లు, చివరికి నోట్లోంచి గొట్టం దింపి ఎండోస్కోపీ. అన్నీ నార్మల్. నార్మల్ అన్న ప్రతిసారీ నాకు ఇంకాస్త భయం పట్టుకునేది. పరగడుపున ఒక మాత్ర, మా అమ్మ ఫోనులో చెప్పిన వాము నీళ్లు, ఇంగువ వేసిన మజ్జిగ. ఆఫీసులో మీ పేరు చెప్పి తొమ్మిది సెలవులు పెట్టాను. తొమ్మిదిసార్లూ "టేక్ కేర్" అని అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "రాత్రంతా భయమేసింది, పొద్దున మంచం దిగలేకపోయాను" అని రాసుంటే ఏ జవాబు వచ్చేదో తెలీదు. రాసే ధైర్యం చేయలేదు.

మా ఆఫీసును మరీ తీసిపారేయకూడదు. అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినం జరిపారు. అందరికీ ఆకుపచ్చ రిబ్బన్లు పంచారు. మూడింటికి 'మనసు విప్పి మాట్లాడదాం' అనే కార్యక్రమం ఉండింది. మూడింటికే మా టీముకు అర్జెంటు మీటింగు పడింది. రిబ్బను పెట్టుకునే వెళ్లాను.

ఇంత బాధపడేబదులు మనసు డాక్టరు దగ్గరికే ముందు పోలేకపోయావా అంటారేమో. అయ్యా, మాది హిందూపురం. మా వైపు 'వాడు బెంగళూరుకు పోయినాడు' అంటే ఉద్యోగం వచ్చిందని. 'వాణ్ణి బెంగళూరుకు తీసకపోయినారు' అంటే మాత్రం గొంతు తగ్గించి చెప్తారు, విన్నవాళ్లు నాలిక చప్పరిస్తారు. ఒక్క క్రియ మారితే చాలు, మనిషి కథ మారిపోతుంది. హైదరాబాదు వాళ్లకు ఎర్రగడ్డ ఎలాగో మాకు హోసూరు రోడ్డు అలాగ. అక్కడి ఆసుపత్రిని 1925 దాకా లునాటిక్ అసైలం అనేవాళ్లు. ఆ ఏడాది మైసూరు ప్రభుత్వం దాన్ని మెంటల్ హాస్పిటల్ చేసింది. 1974లో నిమ్హాన్స్ అయింది. బోర్డు ఎన్నిసార్లు మారినా మా వీధిలో అది పిచ్చాసుపత్రే. ఆ నిమ్హాన్స్ వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ ఒకటి మా బీటీఎంలోనే ఉంది. ఆరేళ్లుగా దాని మీదుగానే సోడాకు పోయి వస్తున్నాను.

ఉద్యోగానికి పోయినవాణ్ణి తీసకపోయినవాడిగా మారడం ఇష్టంలేక ఒక రాత్రి రెండింటికి బాత్రూంలో తలుపేసుకుని 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన నంబరు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలామె ఏం ఇబ్బందండీ అంటే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "గ్యాస్ సమస్యండీ". ఆమె నవ్వలేదు. రాంగ్ నంబరూ అనలేదు. "నిద్ర పట్టక ఎన్నాళ్లయింది?" అంది. ఏడు నెలల్లో, ఇన్ని పరీక్షల్లో, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మీరైతే అసలు అడగనివ్వలేదు.

తర్వాతి వారం ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. ఆ డాక్టరమ్మ ఈసీజీ కాగితాలు చూసి, మొదట గుండెను చూపించుకోవడం మంచి పనే చేశారంది. ఛాతీలో నొప్పి వస్తే గుండెను దాటేసి ఇంకో కారణం వెతకకూడదట. ఆ తర్వాత చెప్పింది, ఇది పానిక్ అని, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయమని. మా వైపు వేరుశనక చేనులో అడవిపందుల కోసం తీగకు రేకు డబ్బాలు కడతారు. ఒక్కోసారి పంది రాకపోయినా గాలికే మోగుతాయి. చేను కాసేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? కర్ర తీసుకుని పరిగెత్తాల్సిందే. నా ఒళ్లూ అలాగే పరిగెత్తిందట. అడ్రినలిన్ ఎగదన్నింది, గుండె వేగం పెంచింది, ఊపిరి ఎడాపెడా పీల్చేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కాయి. డబ్బా మోగింది నిజం, పందే లేదు.

మిమ్మల్ని కూడా ఆవిడ పూర్తిగా కొట్టిపారేయలేదు లెండి. పేగులకు వాటిదైన నాడీజాలం ఉందట, ఒంట్లో తయారయ్యే సెరొటోనిన్ అనే రసాయనంలో 90 శాతం దాకా అక్కడిదేనట. మనసు నలిగితే కడుపు ఉబ్బరించడం అబద్ధం కాదన్నమాట. మీరు మోసగాళ్లు కాదు, టపా తెచ్చే మనిషి. మేం ఉత్తరం విప్పకుండా టపా మనిషికి మందు పోస్తూ వచ్చాం.

మాత్ర రాసింది. పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగుంది కదా అని మధ్యలో మీ అంతట మీరు మానొద్దు అంది. వారం వారం కౌన్సెలింగ్ కూడా. మా అమ్మకు చెబితే ముందు అన్నమాట, "నిద్రమాత్రలకు అలవాటు పడిపోతావు నాయనా." అవి నిద్రమాత్రలు కావమ్మా అన్నాను. సరే ఏదోకటి, అలవాటు పడతావు అంది. మా నాయన మీ మాత్రలు రోజూ ఇరవై ఏళ్లకు పైగా మింగితే ఈ ఇంట్లో ఎవరికీ ఆ బెంగ కలగలేదు!

2015-16లో నిమ్హాన్స్ వాళ్లు దేశంలో 12 రాష్ట్రాలు తిరిగి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పెద్దవాళ్లలో పదిమందికొకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి అందులో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదనీ తేలింది. ఇంతమంది ఎక్కడికి పోయారో నాకు తెలుసు. మీ క్యూలో నిలబడ్డారు, జేబులో మాత్రల స్ట్రిప్పుతో. 2017లో చట్టం కూడా తెచ్చారు. మిగతా జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని అందులో ఉంది. కాగితం మీద మనసూ కడుపూ సమానమయ్యాయి. మా ఇంటికి ఆ గెజిట్ ఇంకా చేరలేదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం మా నాయన. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఖాకీ చొక్కా ఎడమ జేబులో చిల్లరతో పాటు తెల్ల మాత్రల స్ట్రిప్పు ఎప్పుడూ ఉండేది. ఉతికేముందు దాన్ని తీసి అల్మారాలో పెట్టడం చిన్నప్పుడు నా డ్యూటీ. మీరు మా ఇంటికొచ్చింది మా చిన్నాన్న పోయిన ఏడాదే. ఎట్లా పోయాడని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ అడగరు. ఆ ఉగాది తర్వాత నుంచి నాయనకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. వసారాలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచేవాడు. చెప్పులు లేకుండానే నడిచేవాడు, మేం లేస్తామని. లోపలి నుంచి అమ్మ అడిగేది, "గ్యాసా?"

"ఆ. గ్యాసే."

అంతే. ఇరవై రెండేళ్లు అదే ప్రశ్న, అదే జవాబు. దుప్పటి కప్పుకుని వింటూ నేనూ నేర్చుకున్నాను.

పోయిన వారం ధైర్యం చేసి ఫోనులో ఆయనకు అంతా చెప్పాను. డాక్టరమ్మ సంగతి, మాత్ర సంగతి, మూడింటి మెలకువ సంగతి. చాలాసేపు అవతల ఫ్యాను చప్పుడే వినపడింది. లైను కట్టయిందేమో అనుకున్నా.

"నాకూ అట్లనే ఉంటాదిరా" అన్నాడు. కాసేపాగి, "ఆ గ్యాసు డాక్టరమ్మ ముసలోళ్లను గూడా చూస్తాదా?"

చూస్తాది నాయనా అన్నాను.

ఆదివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాడు, సోమవారం పదిన్నరకు టోకెన్. వీధిలో అడిగినవాళ్లకు బెంగళూరులో గ్యాసు చూపించుకోను పోతాండానని చెప్పాడట. ఈ ఒక్కసారికి మీ పేరు వాడుకుంటున్నాం, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు